ఎవరు మార్చారు? – డేటాబేస్‌లో ఆడిట్ లాగ్

మన హాస్టల్ స్టోర్ రూమ్‌లో స్టాక్ రిజిస్టరు ఉంటుంది. ఏ రోజు ఎన్ని కిలోల బియ్యం తీశారో రాసి, తీసినవారు సంతకం పెట్టాలి. సంతకం చోట అందరూ "హాస్టల్" అని మాత్రమే రాస్తే ఆ రిజిస్టరు వల్ల ఉపయోగం ఏమిటి? లెక్క తగ్గిన రోజున ఏ పాపం ఎరుగనివారి మీద నింద పడవచ్చు. డేటాబేస్‌లలోనూ ఇలాంటి తప్పు జరుగుతుంటుంది. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్న పూర్వ విద్యార్థులం మేము. కంప్యూటర్ కోర్సులు చదువుతున్న తమ్ముళ్ళ కోసం దీన్ని వివరిస్తున్నాం.

తప్పు ఎక్కడ ఉంది?

డేటా మారినప్పుడు పాత విలువ, కొత్త విలువ, సమయం, మార్చిన వ్యక్తి పేరు వేరొక టేబుల్‌లో నమోదు చేయడమే ఆడిట్ లాగ్. ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్ జరిగినప్పుడు దానంతట అదే నడిచే ట్రిగ్గర్‌తో ఈ పని చేయించవచ్చు. అయితే వెబ్ అప్లికేషన్‌లో వందమంది లాగిన్ అయినా, సాధారణంగా అప్లికేషన్ డేటాబేస్‌కు ఒకే యూజర్ పేరుతో కనెక్ట్ అవుతుంది. ప్రతిసారీ కొత్త కనెక్షన్ తెరిస్తే సమయం, మెమరీ ఖర్చవుతాయి. అందుకే కొన్నింటిని తెరిచి ఉంచి, అందరి పనులకూ వంతులవారీగా వాడతారు. దీన్నే కనెక్షన్ పూలింగ్ అంటారు. కాబట్టి 'కరెంట్ యూజర్' ఎవరని ట్రిగ్గర్ అడిగితే అప్లికేషన్ పేరే వస్తుంది.

మాలో ఒకరు పనిచేసిన చోట కొన్ని ఫీజు మొత్తాలు మారిపోయాయి. లాగ్‌లో అప్లికేషన్ పేరు తప్ప మరేమీ లేదు. అనుమానం కాంట్రాక్టు డేటా ఎంట్రీ ఆపరేటర్ మీదికి వెళ్ళింది. తాను మార్చలేదని చెప్పుకోవడానికి అతని దగ్గర ఏ ఆధారమూ లేదు.

పరిష్కారం ఏమిటి?

ప్రతి పని మొదట్లో, లాగిన్ అయిన వ్యక్తి ఐడీని అప్లికేషన్ డేటాబేస్ సెషన్‌కు తెలపాలి. ట్రిగ్గర్ దాన్ని చదివి లాగ్‌లో రాయాలి. ఇందుకు ఒరాకిల్‌లో 'క్లయింట్ ఐడెంటిఫైయర్', ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2016 వెర్షన్ నుంచి 'సెషన్ కాంటెక్స్ట్' ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్‌లో 'సెట్ లోకల్'తో పెట్టి, 'కరెంట్ సెట్టింగ్'తో చదవవచ్చు.

గుర్తుంచుకోవలసినవి

1. పూల్‌కు తిరిగి వెళ్ళిన కనెక్షన్‌లో పాత ఐడీ మిగిలిపోతే, తరువాతి వ్యక్తి చేసిన మార్పు ముందువారి పేరు మీద పడుతుంది. ఇది పేరు లేకపోవడం కంటే ప్రమాదం. పోస్ట్‌గ్రెస్ 'సెట్ లోకల్' విలువ ఆ ట్రాన్సాక్షన్‌తోనే ముగుస్తుంది కనుక క్షేమం.
2. ఐడీ ఖాళీగా ఉంటే ట్రిగ్గర్ ఎర్రర్ ఇచ్చి మార్పును ఆపాలి.
3. బ్రౌజర్ పంపిన ఐడీని నమ్మరాదు. సర్వర్‌లోని లాగిన్ వివరం నుంచే తీసుకోవాలి.
4. లాగ్ టేబుల్‌ను మార్చే, తుడిచే అనుమతి అప్లికేషన్ యూజర్‌కు ఇవ్వరాదు.

ఆడిట్ లాగ్ తప్పు చేసినవారిని పట్టుకోవడానికే అనుకుంటాం. తప్పు చేయనివారిని కాపాడేదీ అదే. మీరు రేపు ప్రోగ్రామర్లయినప్పుడు, ఆ చివరి సీట్లో కూర్చున్న ఆపరేటర్‌ను గుర్తుంచుకుని ట్రిగ్గర్ రాయండి.