కంచే చేను మేస్తే...

"కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు" అనే మాట మా ధర్మపురి వైపు ఇప్పటికీ వినిపిస్తుంది. మా తాత వయసులో ఉన్నప్పుడు ఆ సూదులు వేయించుకున్నాడు. అవి పూర్తికాకముందే కాళ్లు రెండూ పడిపోయాయి. కట్టె పట్టుకుని మళ్లీ పొలానికి పోవడానికి నెలలు పట్టింది. కుక్క విషం కాళ్లకు దిగిందన్నారు ఊళ్లో. బి.ఎస్సీ.లో రోగ నిరోధక శక్తి పాఠం చదివాక గాని అసలు సంగతి నాకు తట్టలేదు.

ఆ టీకాను 1911లో డేవిడ్ సెంపుల్ కసౌలిలో తయారుచేశాడు. రేబిస్ వైరస్‌ను గొర్రె మెదడులో పెంచి, ఫినాల్‌తో చంపి ఇచ్చేవారు. దాంతోపాటు మెదడు పదార్థం కూడా ఒంట్లోకి పోయేది. బాయికాడి మోటరు వైరుకు తొడుగు ఉన్నట్లే మన నరాలకు మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. గొర్రె మైలిన్‌కూ మన మైలిన్‌కూ పోలిక ఎక్కువ. అందుచేత గొర్రె మైలిన్‌ను శత్రువుగా గుర్తుపట్టిన లింఫోసైట్లు కొందరిలో సొంత నరాల మీదనే పడేవి. కంచే చేను మేయడమంటే ఇదే కదా! ఇది చెబితే తాత, "గట్లయితే ఇన్నేండ్లు కుక్కను ఉత్తగనే తిట్టిన్నా?" అన్నాడు.

1930ల్లో అమెరికాలో థామస్ రివర్స్ కోతులకు కుందేలు మెదడు సారం పదేపదే ఎక్కించి ఇటువంటి జబ్బునే రప్పించాడు. మల్టిపుల్ స్క్లీరోసిస్ పరిశోధనకు ఆ ప్రయోగం దారి చూపింది. ఈ వ్యాధిలో ఏ సూదీ లేకుండానే లింఫోసైట్లు మైలిన్‌ను తినివేస్తాయి. కన్ను మసకబారడం, తిమ్మిరి, కాళ్లలో బలహీనత వస్తాయి. చాలామందిలో తగ్గినట్లే తగ్గి మళ్లీ తిరగబెడతాయి.

చికిత్స రెండు విధాలు. జబ్బు తిరగబెట్టినప్పుడు స్టెరాయిడ్లు వాపును అణచుతాయి. మళ్లీ రాకుండా చూసే మందులు వేరు. వాటిలో గ్లాటిరమర్ కథ విచిత్రమైనది. మైలిన్ ప్రోటీన్‌ను పోలిన పదార్థాలతో జంతువుల్లో జబ్బు తెప్పించాలని ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు ప్రయత్నిస్తే, అవి జబ్బును ఆపాయి! 1996లో అమెరికా దాన్ని మందుగా అనుమతించింది. మన హైదరాబాదు నాట్కో ఫార్మా భాగస్వామితో కలిసి తెచ్చిన జెనరిక్‌కు 2017లో అక్కడ అనుమతి దొరికింది. అదే ఏడాది బి-లింఫోసైట్లను తగ్గించే ఒక్రెలిజుమాబ్ వచ్చింది. ఇవేవీ పోయిన నరాన్ని తిరిగి తేలేవు. అందుకే తొందరగా మొదలుపెట్టాలి.

మిత్రులారా! గొర్రె మెదడు టీకాను మన దేశంలో 2004 చివరితో ఆపివేశారు. నేటి రేబిస్ టీకాలో మెదడు పదార్థం లేదు, దాన్ని చేతికే వేస్తారు. కుక్క కరిస్తే గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి వెంటనే ఆస్పత్రికి పోవాలి. పద్నాలుగు సూదుల భయంతో ఎవరైనా ఇంట్లో కూర్చుంటే ఈ నాలుగు ముక్కలు చెప్పండి. ఒక కన్ను ఉన్నట్టుండి మసకబారినా, కాళ్లు మొద్దుబారినా "గాలి సోకింది" అనుకోకుండా నరాల డాక్టరుకు చూపించండి.