గోడౌన్ అద్దె కాదే, కిరాయి చూసుకో

తెనాలి

బుజ్జీ,

నువ్వు ఉద్యోగం మానేశావని మీ అమ్మ ఫోన్లో ఏడ్చింది. మానెయ్యబోతున్నావని కూడా తనే అంది. ఏది నిజమో నువ్వే రాయి. మీ నాన్న సంగతి నాకొదిలెయ్, ఆయన కోపం నాకు కొత్తా?

పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఆల్బమ్‌లూ వీడియోలూ దాచుకుని పెళ్లివారికి లింకు పంపే వెబ్‌సైటు పెడతానన్నావు. మంచి ఆలోచనే. 2020 మేలో టెలికాం శాఖ పెద్ద ఫైళ్లు పంపే వియ్‌ట్రాన్స్‌ఫర్‌ని బ్లాక్ చేయించిందిగా, మనదంటూ ఒకటుండాలన్న నీ మాట నాకు నచ్చింది.

నచ్చనిది నీ బడ్జెట్టు. ప్రింటు తీయించి ఎర్ర పెన్నుతో కూర్చున్నాను. లోగోకి పాతిక వేలా! సరే, పోనీ. టీబీ నిల్వకి నెలకి 25 డాలర్లని రాశావు, ముంబైలో అమెజాన్ క్లౌడ్ రేటు అంతే. మరి దాచిన ఫైలు బయటికి పోవద్దూ? పోయే ప్రతి జీబీకీ దాదాపు 11 సెంట్లు. నెలంతా దాచినందుకు ఎంతవుతుందో, ఒక్కసారి డౌన్‌లోడ్ చేసుకుంటే దానికి నాలుగింతలు పైమాటే. ఈ గడి నీ కాగితంలో అసలు లేదే!

విజయవాడ లారీ పార్సిల్ ఆఫీసులో లెక్కలు రాసినన్నాళ్లూ నేను చూసిందిదే. మూట గోడౌన్లో పడుంటే చిల్లర ఖర్చు. లారీ కదిలితేనే డీజిలు, డ్రైవరు బత్తా, చెక్‌పోస్టు. కొత్తవాళ్లంతా గోడౌన్ అద్దె దగ్గర గీచిగీచి బేరమాడి, లారీ కిరాయి దగ్గర బోల్తా పడేవారు.

ఒక్క పెళ్లి చూడు. 20 జీబీ వీడియో. పెళ్లికూతురి మేనత్తలు, అమెరికా బాబాయిలు, ఫ్రెండ్సు కలిసి వందమంది దించుకున్నారనుకో, రెండు టీబీ. రెండు వందల డాలర్లకి అటూ ఇటూ. పైన 18 శాతం జీఎస్టీ. నువ్వా స్టూడియో దగ్గర తీసుకునేదేమో నెలకి 499 రూపాయలు! బిల్లు పెరిగితే మెయిలొస్తుందిలే అత్తయ్యా అంటావు. మెయిలొస్తుంది, మీటరు ఆగదు. ఆ వేళకి నువ్వు మెట్రోలో కునుకు తీస్తుంటావు. మియాపూర్‌లో ఎక్కితే సీటు దొరుకుతుంది కాబట్టి అమీర్‌పేట దాకా నిద్రేనటగా. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావమ్మా?

క్లౌడ్‌ఫ్లేర్‌వాళ్ల నిల్వ సేవ ఆర్2లో బయటికి పోయేదానికి చార్జీ లేదు, నిల్వ టీబీకి 15 డాలర్లు. దాని నిబంధనలు పూర్తిగా చదువు. లింకుకి ఇన్ని డౌన్‌లోడ్‌లని హద్దు పెట్టు. హద్దు దాటితే స్టూడియోవాళ్లే కట్టుకోవాలి.

ఇంకోటి. రాబడి గడిలో పన్నెండు నెలలూ ఒకే అంకె వేశావు. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లెక్కడివే? నిల్వ అద్దె మూఢమని ఆగుతుందా?

ఒకసారి దీపావళి ముందు మా పార్సిల్ ఆఫీసులో ఎవరో బట్టల మూటలని రాయించి టపాసులు బుక్ చేశారు. పోలీసులొచ్చి మా మేనేజరుగారిని స్టేషన్లో కూర్చోబెట్టారు. నాకు టైపు నేర్పించింది ఆయనే, ఎంత మెత్తని మనిషో! బుకింగ్ రిజిస్టర్లో పంపినవాడి పేరూ ఊరూ సంతకమూ ఉండబట్టి సాయంత్రానికి వదిలారు. నీ దగ్గరా పెళ్లి వీడియో అని పేరు పెట్టి కొత్త సినిమా ఎక్కించేవాడు వస్తాడు. 2025 నవంబరులో ఐబొమ్మ సినిమా పైరసీ కేసు అరెస్టు జరిగింది మీ పక్కన కూకట్‌పల్లిలోనే. 2012 జనవరిలో అమెరికా ప్రభుత్వం ఫైళ్లు దాచుకునే సైటు మెగాఅప్‌లోడ్‌ని మూయించినప్పుడు, బుద్ధిగా సొంత ఫైళ్లు దాచుకున్నవాళ్లవీ అందులోనే ఇరుక్కుపోయాయి. ఐటీ చట్టం 79వ సెక్షన్ నీలాంటివాళ్లని కాపాడుతుంది గానీ, కోర్టో ప్రభుత్వమో తీసెయ్యమన్నాక తీయకపోతే కాపాడదు. ఫిర్యాదుల అధికారి పేరు సైట్లో పెట్టు. లాగ్‌లు 180 రోజులు ఉంచాలని కేంద్ర సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశం. దానికీ ఒక గడి గియ్యి.

తాతయ్య వేసిన ఎఫ్‌డీ బ్రేక్ చెయ్యకు. నా రిటైర్మెంటు డబ్బులోంచి కొంత ఇస్తాను, డౌన్‌లోడ్ ఖర్చు కింద మాత్రమే, లోగోకి కాదు. అదీ కొత్త కాగితం చూశాకే. శనివారం మియాపూర్‌లో రాత్రి బస్సెక్కు. ల్యాప్‌టాప్ తెచ్చుకో. ఉద్యోగం సంగతి అప్పటిదాకా ఎవరితోనూ తేల్చకు.

మీ అత్తయ్య