పంపుటకు చిన్నది, దాచుకొనుటకు అసలుది



సిరొంచ ప్రాంతము విడిచి చంద్రపూర్, బల్లార్షా, నాగపూర్ మొదలగు చోట్ల స్థిరపడిన మనకు ఊరితో నున్న సంబంధము నేడు చాలమట్టుకు ఫోనులోనే నిలిచియున్నది. పెండ్లి జరిగినను, పెద్దలు కన్నుమూసినను, ముందుగా వచ్చునది వీడియోయే. సిరొంచకు, కాళేశ్వరమునకు మధ్య గోదావరి మీద వంతెన 2016లో తెరువబడకముందు పడవలో దాటిన దినములు మనలో అనేకులకు జ్ఞాపకమే. పడవవాడు ముందు సామాను చూచి, "ఇంత బరువు ఆగదు" అనెడివాడు. ఇప్పుడు ఊరిలోని నెట్‌వర్కు మనతో అదే మాట చెప్పుచున్నది. కనుక వీడియో బరువు ఎట్లు తగ్గించవలెనో, తగ్గించునప్పుడు ఏమి పోవునో ఈ పాఠములో నేర్చుకొందము.

మేము చేసిన తప్పు

కొన్ని సంవత్సరముల క్రితము మా ఇంటి పెద్దవ్వ పది నిమిషములు మాటలాడగా ఫోనులో తీసితిమి. పెండ్లికూతురుగా ప్రాణహిత దాటి వచ్చిన సంగతి ఆమె చెప్పెను. వీడియో పెద్దదిగా నుండుటచేత బాగుగా చిన్నది చేసి బంధువులందరికి పంపితిమి. ఫోనులో చోటు చాలలేదని అసలుదానిని తుడిచివేసితిమి. ఆమె పోయిన తరువాత పెద్ద తెర మీద చూడగా ముఖము గళ్లు గళ్లుగా కనబడెను. అంతకన్న బాధ ఏమనగా, మాటల చివరలు వినబడలేదు. మరాఠీ మాటలు కలిసిన ఆ సరిహద్దు తెలుగు పలుకు మా పిల్లలకు వినిపింపవలెనని మా ఆశ. ఎవరినడిగినను మేము పంపిన ఆ చిన్న ప్రతియే ఉన్నది. తప్పు ఫోనుది కాదు, మాది.

1. బరువు ఎక్కడనుండి వచ్చును?

వీడియో ఒక్కొక్క సెకనుకు ఎంత సమాచారము వ్రాయుచున్నదో దానిని బిట్‌రేటు అందురు. సెకనుకు 17 మెగాబిట్లు వ్రాయు ఫోనులో 10 నిమిషములు, అనగా 600 సెకనులు, తీసితిమనుకొనుడి. 17ను 600తో హెచ్చించి 8తో భాగించగా 1,275 ఎంబీ వచ్చును. దానినే 2 మెగాబిట్లకు తగ్గించి, ధ్వనికి 128 కిలోబిట్లు ఉంచినయెడల అంతయు కలిసి సుమారు 160 ఎంబీ అగును. సెకనుకు 2 మెగాబిట్లు మాత్రమే ఎక్కించు నెట్‌వర్కులో మొదటిది పంపుటకు 85 నిమిషములు పట్టును. రెండవది 11 నిమిషములలో చేరును.

2. చిన్నది ఎట్లగును?

వీడియో యనగా వరుసగా నడచు బొమ్మలు, సాధారణముగా సెకనుకు 30. యంత్రము ప్రతి బొమ్మను పూర్తిగా దాచదు. అప్పుడప్పుడు ఒక బొమ్మను పూర్తిగా ఉంచి, తరువాతి వాటిలో మారిన భాగమునే వ్రాసికొనును. అందుచేత గోడకు ఆనుకొని కూర్చుండి మాటలాడు అవ్వ వీడియో బాగుగా తగ్గును. అలలు కదలు ప్రాణహిత నీరు, పెండ్లి ఊరేగింపు అంతగా తగ్గవు. ఏలయనగా వాటిలో ప్రతి బొమ్మయు మారుచుండును. ఇంకను తగ్గించుమని మనము బలవంతము చేసినయెడల యంత్రము సన్నని వివరములను పారవేయును. గళ్లు కనబడుటకు కారణమిదే.

3. పోయినది తిరిగి రాదు

1990లలో పెండ్లి క్యాసెట్టును చూచి మరియొక క్యాసెట్టు, దానిని చూచి ఇంకొకటి తీయగా, మూడవదానిలో రంగులు చెదరిపోయెడివి. కంప్రెస్ చేసినదానిని మరల కంప్రెస్ చేసినను అంతే. చిన్న ప్రతిని తీసికొని ఎక్కువ బిట్‌రేటు పెట్టినయెడల బరువు పెరుగునే గాని ముఖము తేటపడదు.

4. చేయవలసిన విధానము

మొదట అసలు ఫైలును రెండు వేరు చోట్ల దాచుడి. ఒకటి కంప్యూటరులో, ఒకటి పెన్‌డ్రైవులో గాని హార్డ్‌డిస్కులో గాని. తేదీ, ఊరు, మాటలాడినవారి పేరు ఫైలు పేరులోనే వ్రాయుడి.

తరువాత ప్రతిని మాత్రమే తగ్గించుడి. హ్యాండ్‌బ్రేక్ అను ఉచిత ప్రోగ్రాము ఇందుకు చాలును. ఫైలు రకము ఎంపీ4గా, కోడెక్ హెచ్.264గా ఎంచుకొనుడి. ఇది 2003లో వచ్చినది గనుక పాత ఫోనులలో కూడ ఆడును. 2013లో వచ్చిన హెచ్.265 ఇంకను చిన్నది చేయును గాని కొన్ని పాత ఫోనులు దానిని తెరువలేవు. బొమ్మ కొలత 720 చాలును. నాణ్యత అంకె 22 లేక 23 ఉంచుడి. ఈ అంకె పెరిగినకొలది నాణ్యత తగ్గును. సైజు ముందుగా లెక్క ప్రకారము రావలెనన్నయెడల నాణ్యత అంకెకు బదులు సగటు బిట్‌రేటు ఎంచుకొనుడి.

ధ్వనిని 128 కిలోబిట్లకంటె తగ్గించకుడి. పైని లెక్కలో ధ్వని వంతు 10 ఎంబీ కూడ లేదు. దానిని కోసి మనము మిగుల్చుకొనునది స్వల్పము, పోగొట్టుకొనునది మనిషి గొంతు.

ముందు ఒక్క నిమిషము మాత్రము చేసి చూడుడి. కన్నులతో చూచుటయే గాక చెవులతో వినుడి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపినయెడల అది తానే మరల తగ్గించును. డాక్యుమెంటుగా పంపినయెడల ఉన్నది ఉన్నట్లు చేరును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. 5 నిమిషముల వీడియోను సెకనుకు 2 మెగాబిట్లకు తగ్గించినయెడల, ధ్వని గాక, ఎన్ని ఎంబీలగును?
2. కూర్చుండి మాటలాడిన వీడియో ఏల ఎక్కువగా తగ్గును?
3. మీ ఇంటి పెద్దల వీడియోలలో అసలు ప్రతి మిగిలియున్నవి ఎన్ని?

మూడవ ప్రశ్నకు జవాబు కాగితము మీద వ్రాయనక్కరలేదు. ఈ వారము ఊరిలోనున్న తమ్మునికో, చెల్లెలికో ఫోను చేసి, "అసలుది తుడిచివేయకుము, నేను వచ్చి తీసికొందును" అని చెప్పుడి. మేము ఆ మాట చెప్పుటలో ఆలస్యము చేసితిమి. మీరు చేయకుడి.