మెట్ట ప్రయోగాల దత్తాంశం: కంప్యూటర్ ఫైళ్ల నష్ట నివారణ

కుందుర్పి మండలం అనంతపురం జిల్లాలో కర్ణాటక సరిహద్దున ఉన్న మెట్ట ప్రాంతం. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఇక్కడి తేలిక ఎర్ర నేలల్లో వర్షాధార వేరుశనగపై జరిపే ప్రయోగాలలో, ఊడలు దిగే దశలో బెట్ట ఎన్ని రోజులున్నదీ, కాయ ఊరే దశలో వాన ఎప్పుడు కురిసినదీ ఆ ఒక్క ఖరీఫ్‌కే చెందిన వాస్తవాలు. ప్రయోగశాలలో చెడిన పరీక్షను మరునాడు తిరిగి చేయవచ్చు. గడచిన ఖరీఫ్‌ను తిరిగి తేలేము. కావున దత్తాంశ ఫైళ్ల రక్షణను విత్తనం, ఎరువులతో పాటు ప్రయోగ ప్రణాళికలోనే చేర్చవలసి ఉంది.

నష్టపు విలువ

8 ట్రీట్‌మెంట్లు, 3 రెప్లికేషన్లు గల ప్రయోగంలో 24 మడులుంటాయి. మడికి 5 మొక్కల చొప్పున, 30, 60, 90 రోజులకు, 4 లక్షణాలను నమోదు చేస్తే 1,440 అంకెలు వస్తాయి. కంప్యూటర్‌లో ఇది చాలా చిన్న ఫైలు. దాని ప్రతిని తీయడానికి కొన్ని క్షణాలు చాలు. ఒకటి రెండు మడుల దిగుబడి లభించనప్పుడు యేట్స్ 1933లో వివరించిన మిస్సింగ్ ప్లాట్ పద్ధతితో విశ్లేషణ కొనసాగించవచ్చు. అయితే ఆ అంచనా కొత్త సమాచారమేమీ ఇవ్వదు. ఫైలంతా పోయినప్పుడు ఏ సూత్రమూ ఆదుకోదు.

నష్ట కారణాలు

సొంత కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ చెడిపోవడం, ఫైలు భద్రమవుతుండగా విద్యుత్తు పోవడం, దొంగతనం, పాత ఫైలుపై కొత్తదాన్ని రాయడం ప్రధాన కారణాలు. పెన్‌డ్రైవ్ ఫైళ్లను మోసుకువెళ్లడానికే తగినది, నిలువ ఉంచడానికి కాదు.

ఉమ్మడి కంప్యూటర్‌లో ప్రమాదం హెచ్చు. అందరూ ఒకే లాగిన్ వాడితే ఎవరి ఫైలునైనా ఎవరైనా తొలగించగలరు. నెట్‌వర్క్ ఫోల్డర్ నుండి తొలగించిన ఫైలు సాధారణంగా మన రీసైకిల్ బిన్‌లోకి చేరదు. వైరస్ కూడా నెట్‌వర్క్ గుండానే పాకుతుంది. 2017 మే నెలలో ప్రపంచమంతటా వ్యాపించిన వన్నాక్రై, ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు తదితర జిల్లాల పోలీసు కంప్యూటర్లలో కొన్నింటిని తాకింది. అది వాడుకున్న విండోస్ లోపానికి సవరణ అదే ఏడాది మార్చిలోనే విడుదలైంది; సవరణ చేసుకోని యంత్రాలే ఎక్కువగా దెబ్బతిన్నాయి.

పెద్ద సంస్థలూ దీనికి అతీతం కావు. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయపు సూపర్ కంప్యూటర్‌లో, పాత లాగ్ ఫైళ్లను తొలగించవలసిన బ్యాకప్ ప్రోగ్రామ్ లోపం వలన సుమారు 77 టెరాబైట్ల పరిశోధన ఫైళ్లు చెరిగిపోయాయి. 14 పరిశోధన బృందాలు నష్టపోగా, 4 బృందాల ఫైళ్లను తిరిగి పొందలేకపోయారు. అసలు ఫైలునూ దాని ప్రతినీ ఒకే వ్యవస్థ చేతికి అప్పగించరాదన్నది ఇందులోని పాఠం.

క్లౌడ్ సమకాలీకరణను కూడా ఈ దృష్టితోనే చూడవలెను. కంప్యూటర్‌లో ఫైలు తొలగిస్తే అక్కడా తొలగిపోతుంది. చెడిన ఫైలు అక్కడికీ చేరుతుంది. పాత రూపాలను కొంతకాలమే నిలువ ఉంచుతారు.

పాటించవలసిన పద్ధతులు

1. ఫీల్డ్ బుక్‌ను మొదటి ప్రతిగా భావించి, పెన్సిల్‌తో గాక చెరగని సిరాతో రాయవలెను. ఆ రోజే పుటలను మొబైల్‌తో ఫోటో తీసి, అంకెలను కంప్యూటర్‌లో నమోదు చేయవలెను.

2. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒక ప్రతి వేరే ఊరిలో అన్న నియమం పాటించవలెను. కుందుర్పి పొలంలో సేకరించిన దత్తాంశానికి ఒక ప్రతి కళ్యాణదుర్గం లేదా అనంతపురంలో ఉండవచ్చు.

3. బాహ్య హార్డ్ డిస్క్‌ను ప్రతి తీసే సమయంలోనే తగిలించి, వెంటనే వేరుచేయవలెను. తగిలించి ఉంచిన డిస్క్‌కూ వైరస్ సోకుతుంది. దానిని ఎండ తగలని చోట భద్రపరచవలెను.

4. మూల దత్తాంశాన్ని మార్చడానికి వీలులేని రీడ్ ఓన్లీ ఫైలుగా ఉంచి, దాని నకలుపైనే విశ్లేషణ చేయవలెను. ఫైలు పేరులో ప్రయోగం, స్థలం, తేదీ ఉండవలెను.

5. ఉమ్మడి కంప్యూటర్‌లో ప్రతి ఒక్కరికీ వేరు లాగిన్, తొలగించే అధికారం ఒకరిద్దరికే ఉండవలెను. యూపీఎస్ తప్పనిసరి.

6. పొరపాటున ఫైలు తొలగిపోతే ఆ డిస్క్‌పై మరేమీ రాయకుండా వాడకం ఆపివేయవలెను. నేటి ఎస్‌ఎస్‌డీలలో తొలగిన ఫైలు తిరిగి దొరికే అవకాశం తక్కువ.

ప్రతిని పరీక్షించుట

నిలువ చేసిన విత్తనానికి మొలక శాతం చూడకుండా విత్తము. బ్యాకప్‌నూ అలాగే పరీక్షించవలెను. మూడు నెలలకొకసారి ఒక ఫైలును వేరొక కంప్యూటర్‌లో తెరచి, పది అంకెలను ఫీల్డ్ బుక్‌తో సరిపోల్చవలెను. తెరుచుకోని ప్రతిని ప్రతిగా లెక్కించరాదు. ఈ పరీక్ష జరిగిన తేదీని, చేసినవారి పేరును ప్రయోగ రిజిస్టరులో నమోదు చేయడం ప్రతి పరిశోధన కేంద్రంలోనూ ఆచారం కావలెను. విద్యార్థులు చదువు ముగించి వెళ్లేటప్పుడు, ఈ నమోదు చూసిన తరువాతనే వారి కంప్యూటర్‌ను మరొకరికి కేటాయించుట శ్రేయస్కరం.