పదవి పెరిగినంత మాత్రమున హక్కులు తరుగునా?

హఫీజ్‌పేట్‌లో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కి హైటెక్ సిటీ కార్యాలయములకు పోయి, పగలంతయు తన బృందమును నడిపించి, ఇల్లు చేరి బిడ్డకు అన్నము కలిపి పెట్టు వేళకే అమెరికావారి కాల్ కొరకు లాప్‌టాప్ తెరువవలసి వచ్చు ఉద్యోగిని, “నేను మేనేజరును గదా, కార్మిక చట్టములు నాకెక్కడివి?” అని తనంత తానే తీర్మానించుకొని మిన్నకుండుట తరచుగా వినుచున్నాను. ఆ మౌనము నన్ను మిక్కిలి బాధించును.

ఆమె మాటలో కొంత సత్యము లేకపోలేదు. పనిగంటలకు పరిమితి విధించు 1988 నాటి దుకాణములు, సంస్థల చట్టము నిర్వహణాధికారము కలిగి సంస్థ వ్యవహారములపై అదుపు గల ఉన్నతోద్యోగులకు వర్తింపదు. 2025 వరకు అమలులోనుండిన పారిశ్రామిక వివాదముల చట్టమును వారిని కార్మికులుగా పరిగణింపలేదు. అయితే న్యాయస్థానములు చూచునది కార్డుపై అచ్చయిన హోదాను గాదు, వాస్తవముగా చేయు పనిని. ఒకరికి సెలవు మంజూరు చేయుటకుగాని, ఒకరి పనితీరును నిర్ణయించుటకుగాని అధికారము లేక, పేరునకు మాత్రమే మేనేజరైన స్త్రీ ఈ భేదమును తప్పక గ్రహింపవలెను.

ప్రసూతి హక్కుల విషయమున హోదాకుగాని, జీతమునకుగాని ప్రసక్తియే లేదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమునకు 2017లో జరిగిన సవరణ మొదటి ఇద్దరు బిడ్డల విషయమున 26 వారముల వేతన సహిత సెలవును ప్రసాదించినది. ప్రసవమునకు ముందు 12 నెలలలో 80 దినములు పనిచేసియుండుట చాలును. ఉద్యోగులు 50 మందికి తగ్గని సంస్థ శిశుసంరక్షణాలయము నెలకొల్పి, తల్లి దినమునకు నాలుగు పర్యాయములు బిడ్డను చూచి వచ్చుటకు అనుమతింపవలెను. ఈ నిబంధనలే 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో చేరినవి. సెలవు అనంతరము ఇంటినుండి పనిచేయుట మాత్రము ఉభయుల అంగీకారముపై ఆధారపడినదే. దానిని హక్కని భ్రమింపరాదు.

నాకు అన్నింటికంటె ముఖ్యముగా తోచునది వేరొకటి. సెలవులోనున్న స్త్రీని తొలగించుటయే గాక, ఆమె ఉద్యోగ నిబంధనలను ఆమెకు నష్టము కలుగునట్లు మార్చుటయు చట్టవిరుద్ధము. తిరిగి వచ్చునప్పటికి బృందము మరొకరి చేతికి పోయి, జీతము అంతే యుండినను బాధ్యత కుదించబడినచో, ఆ మార్పు ఎప్పుడు, ఎవరి ఉత్తర్వుపై జరిగినదో మానవ వనరుల విభాగమును మెయిల్‌లో అడుగుడు. మీ నియామక పత్రమును, పనితీరు నివేదికలను, ఆ ప్రత్యుత్తరమును భద్రపరచుకొనుడు. సంస్థ రహస్య పత్రముల జోలికి మాత్రము పోవలదు. 2025 మేలో కె. ఉమాదేవి కేసున సుప్రీంకోర్టు ప్రసూతి సెలవును స్త్రీ పునరుత్పత్తి హక్కులలో అంతర్భాగముగా గుర్తించినది. మీ అభ్యర్థనలో ఆ తీర్పును ప్రస్తావింపవచ్చును.

వకీలు రుసుమునకు జంకవలదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము స్త్రీకి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయమును హక్కుగా నిచ్చినది. లక్షల జీతము గల మేనేజరును అందులకు అర్హురాలే. 15100కు ఫోను చేయవచ్చును, రంగారెడ్డి జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయింపవచ్చును. సెలవు కారణముగా తొలగించినను, ప్రసూతి ప్రయోజనమును నిరాకరించినను, ఆ ఉత్తర్వు అందిన 60 దినములలోపున అప్పీలు చేయవలెను. కావున ఆ తేదీని కాగితముపై నాడే వ్రాసి యుంచుకొనుడు.