ఫిర్యాదుకు నంబరు, పనికి బాధ్యుడు

మేము తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో, వెన్నశాతం తక్కువ వేశారని ఒక సభ్యురాలు నోటిమాటగా ఫిర్యాదు చేసింది. టెస్టరుకు చెప్పానని కార్యదర్శి, తనకు చెప్పలేదని టెస్టరు అన్నారు. ఆమె పాలు పోయడం మానివేసింది.

ఇటువంటి చోట రెడ్‌మైన్ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉపయోగపడుతుంది. 2006లో వెలువడిన దీనికి లైసెన్సు రుసుము లేదు. అయితే కంప్యూటరు, దానిని చూసుకునే మనిషి, రోజూ నకలు తీసి ఉంచడం అవసరం. నమోదైన ప్రతి ఫిర్యాదుకు ఒక నంబరు పడుతుంది. దాని కింద బాధ్యుని పేరు, గడువు, స్థితి వ్రాయాలి. ఎవరు ఎప్పుడు ఏమి మార్చారో అందులోనే నిలిచి ఉంటుంది.

ఇద్దరు ముగ్గురు పనిచేసే సంఘానికి కొత్తది, జరుగుతున్నది, పరిష్కరించినది, మూసినది అనే నాలుగు స్థితులు చాలు. ఒక పనికి ఒకరే బాధ్యులు కావాలి. సభ్యురాలికి సమాధానం చెప్పిన తరువాతనే ఫిర్యాదును మూయాలి. మూయనివాటిని అధ్యక్షులు వారానికొకసారి చదివి, బాధ్యుని అడగాలి.