డ్రైవరు ప్రయాణకాలము – నిరీక్షణకాలము

బస్సుల డ్యూటీ పట్టికను కంప్యూటరుతో రూపొందించుటకు బస్సు నడిచే కాలమొక్కటే చాలదు. డ్రైవరు ఒక బస్సు దిగి మరొక బస్సును చేరుకొనే వ్యవధిని ప్రయాణకాలమనీ, చేరిన పిదప వేచియుండే వ్యవధిని నిరీక్షణకాలమనీ అందాము.

ఒక డ్రైవరు 9.40కి డిపోలో బస్సు అప్పగించాడనుకొందాము. బస్టాండుకు నడక 12 నిమిషాలు. ఈ అంకెను సున్నాగా వ్రాస్తే, యంత్రము అతనికి అక్కడ 9.50 బస్సును కేటాయించగలదు. బస్సు ఆలస్యమై, మాట డ్రైవరుకు వస్తుంది. 12 అని వ్రాస్తే 10.00 బస్సునిస్తుంది, నిరీక్షణ 8 నిమిషాలు.

ఆ 8 నిమిషాలు పనియా, విశ్రాంతియా? 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము టెర్మినలులో 15 నిమిషాలకు లోపు నిరీక్షణను పనివేళలలోనే చేర్చింది. కనుక నిరీక్షణకు పరిమితులతోపాటు, అది జీతపు లెక్కలో చేరునో లేదో కూడ మనము ముందే నమోదు చేయవలెను. శ్రమ యంత్రమునకు తెలియదు. దానిని అంకెగా తెలుపవలసినది మనమే.